తల్లిభాష ఒక్కటే తెలిసిన లీవెన్‌హుక్

మన తెలుగు మాధ్యమం బడుల్లో పిల్లల్ని చేర్చే ముందు తల్లిదండ్రులు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. తెలుగులో చదివితే సైన్స్ వస్తుందా అని. అప్పుడు మేము ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ గురించి చెబుతాం.

ఆయన 1632లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో పుట్టారు. తండ్రి బుట్టలు అల్లేవారు. ఆంటోనీ పసివాడుగా ఉండగానే తండ్రి పోయారు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి బట్టల వ్యాపారం నేర్చుకుని, తిరిగొచ్చి సొంత ఊళ్లో కొట్టు పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ఆనాటి పండితుల భాష లాటిన్. అది ఆయనకు రాదు. వచ్చింది డచ్ ఒక్కటే.

చిన్న చిన్న కటకాలను తన చేతులతోనే తయారుచేసుకున్నారు. ఇప్పటికి మిగిలిన వాటిలో ఒకటి సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది. వాటితో చెరువు నీరు, వాన నీరు, పంటి పాచి అన్నీ చూశారు. 1673 నుంచి లండన్‌లోని రాయల్ సొసైటీకి డచ్‌లోనే ఉత్తరాలు రాశారు. నీటిచుక్కలో ప్రాణులున్నాయంటే మొదట అక్కడివారు నమ్మలేదు. 1677లో రాబర్ట్ హుక్ స్వయంగా చూసి నిజమేనని తేల్చారు. 1680లో సొసైటీ ఆయన్ను సభ్యునిగా ఎన్నుకుంది.

1702లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, ఇంటి చూరు కాలువలో ఎండిపోయిన మట్టిని తీసి నీళ్లు కలిపారు. కొద్దిసేపటికే అందులో ప్రాణులు కదిలాయి. తల దగ్గర రెండు చక్రాలు తిరుగుతున్నట్లు కనిపించాయి. అవే రోటిఫర్లు. నిజానికి అక్కడ చక్రాలు లేవు. వరుసగా కదిలే సన్నని శైలికలు అలా భ్రమ కలిగిస్తాయి. నెలల తరబడి ఎండినా నీరు తగలగానే అవి మళ్లీ లేస్తాయని ఆయన గమనించారు.

ఎత్తయిన కొండల మీద రోటిఫర్లు ఎలా బతుకుతున్నాయో అర్థం కావడానికి ఆ గమనికే ఆధారం. కొన్ని తామే ఎండి నిద్రాణమవుతాయి, కొన్ని గట్టి పెంకు గుడ్లు పెడతాయి. గాలికి, పక్షుల కాళ్లకు అంటుకుని ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు చేరతాయి. అందుకే నెలల పాటు గడ్డకట్టే హిమాలయ సరస్సుల్లోనూ, ఆల్ప్స్ కొండల నాచులోనూ కనిపిస్తాయి.

1723లో, తొంభై ఏళ్లు నిండాక ఆయన కన్నుమూశారు. చివరిదాకా ఉత్తరాలు ఆపలేదు.

ఒక్క మాట మరవకూడదు. ఆ ఉత్తరాలను ఇంగ్లిషులోకి, లాటిన్‌లోకి మార్చినవారు లేకపోతే లోకానికి అవి తెలిసేవి కావు. అందుకే మా పిల్లలకు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, దానితోపాటు ఇంగ్లిషూ శ్రద్ధగా నేర్పుతున్నాం. కానీ చూసింది చూసినట్లు రాయడం మాత్రం ముందు తెలుగులోనే మొదలుపెట్టిస్తున్నాం.