దుకాణం ఎత్తేయలేదు.. అప్పగించనూ లేదు!

ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధానికి దిగిన కొద్ది రోజులకే, 2022 మార్చిలో షనెల్, హెర్మెస్, జారా, హెచ్‌అండ్‌ఎం లాంటి ఫ్యాషన్ సంస్థలు రష్యాలో అమ్మకాలు ఆపేశాయి. యుద్ధం వస్తే వ్యాపారాన్ని అక్కడే నడపాలా, బయటికొచ్చేయాలా? రేపు ఏ ఎంబీఏ గ్రూప్ డిస్కషన్లోనో మీకు ఎదురవ్వదగ్గ ప్రశ్నే ఇది. 1940లో పారిస్‌లో ఒకాయనకు ఇంతకంటే గట్టిగా ఎదురైంది. శత్రువు అప్పటికే ఊళ్లోకి వచ్చేశాడు మరి. ఆయన పేరు లూసియన్ లెలాంగ్.

1889లో పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలది దుస్తుల వ్యాపారం. లెలాంగ్ మాత్రం కత్తెర పట్టకుండా పేరున్న బిజినెస్ స్కూల్ హెచ్‌ఈసీలో చేరాడు. 1914 ఆగస్టులో తొలి కలెక్షన్ చూపించడానికి అంతా సిద్ధం చేసుకున్నాక మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. సైన్యంలోకి వెళ్లాడు, గాయపడ్డాడు, శౌర్య పతకంతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఇంటి వ్యాపారాన్ని పెద్ద సంస్థగా మార్చాడు. తాను బొమ్మలు గీసేవాడు కాదు. గీసేవాళ్లను పెట్టుకుని, ఏది నిలుస్తుందో చూసి ఎంచేవాడు. సెంట్లు తెచ్చాడు. 1934లో కొలతలతో పనిలేకుండా కొనుక్కునే దుస్తులూ అమ్మాడు. పారిస్ పెద్ద సంస్థల్లో అప్పటికి అది కొత్త సంగతి.

1937లో ఆయన పారిస్ కుట్యూర్ సంస్థల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కుట్యూర్ అంటే ఒక్కో కస్టమర్ కొలతకు చేత్తో కుట్టే ఖరీదైన దుస్తుల వ్యాపారం. రెండేళ్లకే రెండో యుద్ధం. కోకో షనెల్ సెంట్ల అమ్మకం ఉంచుకుని దుస్తుల విభాగం మూసేసింది, కుట్టేవాళ్ల ఉద్యోగాలు పోయాయి. మోలినో లండన్‌కు వెళ్లిపోయాడు. మెయిన్‌బోషే న్యూయార్క్‌లో దుకాణం తెరిచాడు. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది. బాగా కొనే అమెరికా బయ్యర్లు దూరమయ్యారు.

ఆ వేసవిలోనే జర్మన్ అధికారులు సంఘం ఆఫీసులోకి చొరబడి ఫైళ్లు పట్టుకెళ్లారు. వాళ్ల ప్లాన్ మామూలుది కాదు. పారిస్ కుట్యూర్‌ను మొత్తంగా బెర్లిన్‌కు, వియన్నాకు తరలించాలి. పనివాళ్లూ అక్కడికే, పేరూ అక్కడికే.

నవంబర్‌లో లెలాంగ్ బెర్లిన్ వెళ్లాడు. దేశభక్తి గురించి ఉపన్యాసం ఇస్తే జైలుకు పంపేవాళ్లేమో! ఆయన సప్లై చైన్ గురించి మాట్లాడాడు. ఒక గౌను వెనక డిజైనర్ ఒక్కడే ఉండడు. లేసు అల్లేవాళ్లు, పూసలు కుట్టేవాళ్లు, గుండీలు చేసేవాళ్లు, ఈకలు అద్దేవాళ్లు ఉంటారు. వాళ్లవి పారిస్ సందుల్లోని చిన్న చిన్న వర్క్‌షాపులు, ఏళ్ల తరబడి నేర్చుకున్న చేతులు. డిజైనర్లను రైలెక్కించగలరేమో కానీ ఈ అల్లికను ఎక్కించలేరు, బలవంతంగా పీకితే బెర్లిన్‌కూ మిగిలేదేమీ ఉండదు. ఇదీ ఆయన వాదన. జర్మన్లు దిగొచ్చారు. కుట్యూర్ పారిస్‌లోనే ఉండిపోయింది.

అక్కడితో కథ అయిపోలేదు. నాలుగేళ్లూ బేరాలే. బట్టకు రేషన్ పెడితే కుట్యూర్‌కు సడలింపు అడిగాడు. కుట్టేవాళ్లను యుద్ధ ఫ్యాక్టరీలకు పంపమంటే ఆ సంఖ్య తగ్గించడానికి పోరాడాడు. సుమారు 12 వేల మంది బతుకుదెరువు ఆ బేరాల మీదే ఆధారపడి ఉంది.

మరి ఆ గౌన్లు కొన్నదెవరు? జర్మన్ అధికారుల భార్యలు కొన్నారు, బ్లాక్ మార్కెట్లో డబ్బు చేసుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ కొన్నారు. ఊరంతా రొట్టె కోసం క్యూలో నిలబడిన రోజులవి. యూదుల సంస్థలను ప్రభుత్వం లాక్కుంది. జాక్ హైమ్ లాంటి పేరున్న డిజైనరే తన సంస్థకు దూరమయ్యాడు. లెలాంగ్ బేరం వాళ్లను కాపాడలేకపోయింది. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు చాలాసార్లు ఈ పేజీ తిప్పేస్తారు, అది సరికాదు. అలాగని షనెల్ తాళం వేయడాన్ని త్యాగమనీ అనలేం. 1941లో ఆమె యూదు భాగస్వాముల చేతిలో ఉన్న సెంట్ల కంపెనీని దక్కించుకోవడానికి నాజీ చట్టాలనే వాడబోయింది.

తెరిచి ఉంచడం వల్ల ఇంకోటి జరిగింది. ఆ యుద్ధ కాలంలోనే ఉద్యోగం కోసం వచ్చిన ఒక డిజైనర్‌ను లెలాంగ్ తీసుకున్నాడు. పేరు క్రిస్టియన్ డియోర్. అప్పటికే ముప్పై ఐదేళ్లు దాటాయి, ఆర్ట్ గ్యాలరీ వ్యాపారం దెబ్బతిని చేతులు కాల్చుకున్న మనిషి. పియర్ బాల్‌మెయిన్ కూడా అక్కడే పనిచేశాడు. ఇద్దరూ యుద్ధం అయ్యాక సొంత సంస్థలు పెట్టారు.

1944లో పారిస్ విముక్తమయ్యాక శత్రువుతో కలిసి పనిచేశాడన్న ఆరోపణపై లెలాంగ్ విచారణ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. 1945 మార్చిలో పారిస్ సంస్థలన్నీ కలిసి తీగలతో చేసిన చిన్న బొమ్మలకు అసలైన దుస్తులు కుట్టి ప్రదర్శన పెట్టాయి. నిలువు మనిషికి కుట్టడానికి బట్ట ఎక్కడిది? టికెట్ల డబ్బు యుద్ధ బాధితులకు వెళ్లింది. తర్వాత ఆ బొమ్మలు న్యూయార్క్‌కు వెళ్లి, పోయిన మార్కెట్‌కు పారిస్‌ను మళ్లీ గుర్తుచేశాయి.

1947 ఫిబ్రవరిలో డియోర్ తొలి కలెక్షన్ ప్రపంచాన్ని ఊపేసింది. ఆ మరుసటి ఏడాదే ఆరోగ్యం సహకరించక లెలాంగ్ తన దుస్తుల సంస్థను మూసేశాడు. 1958లో కన్నుమూశాడు.