చీలికలు మనవి కావన్న డోర్నకల్ బిషప్పు అజరయ్య

విజయవాడ, కాజీపేటల మధ్య రైలుమార్గంలో డోర్నకల్ ఒక జంక్షన్. కొత్తగూడెం వైపు వెళ్లే దారి ఇక్కడే చీలుతుంది. ఆ మార్గంలో ప్రయాణించే చాలామందికి ఈ ఊరి గురించి తెలిసింది ఇంతే. దారులు చీలే ఈ ఊరే, దక్షిణ భారత క్రైస్తవ సంఘాలను ఒక్కటి చేసే ప్రయత్నానికి మూడు దశాబ్దాల పాటు ప్రధాన స్థానంగా నిలిచింది. అందుకు కారకుడు వేదనాయకం సామ్యేల్ అజరయ్య.

ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఆంగ్లికన్ సంఘంలో గ్రామ గురువు. ఆ తండ్రి 1889లో మరణించడంతో చదువు భారం తల్లిపై పడింది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరిన అజరయ్య అనారోగ్యం వల్ల చివరి పరీక్ష రాయలేక, పట్టా లేకుండానే బయటకు వచ్చారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లో గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది ఈ పట్టా లేని విద్యార్థినే.

1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదిలో ఊరూరా తిరిగారు. 1902లో యాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ధనంతో, సొంత మనుషులతో సువార్త సేవ సాగించడం చూసి, మన దేశంలో ఆ పని ఎందుకు జరగడం లేదని మథనపడ్డారు. మరుసటి ఏడాదే తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. రెండింటి స్థాపనలోనూ అజరయ్యది ముఖ్యపాత్ర. రెండో సంఘానికి మరో విశేషముంది. వేర్వేరు శాఖలకు చెందిన భారతీయులు ఒకచోట చేరి ఒకే సంస్థగా పనిచేయడం అందులో సాధ్యమైంది. ఐక్యత అనే మాటకు ఆయన జీవితంలో తొలి ఆచరణ రూపం అదే అనవచ్చు.

తిరునల్వేలి సంఘం తన సేవకు ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్ పరిసరాలు. ఇతరులను పంపి తాను మద్రాసులో ఉండటం అజరయ్యకు సమ్మతం కాలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బుతో కలిసి అక్కడికే తరలి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆ భాషలోనే బోధించారు, పుస్తకాలు రాశారు.

మరుసటి సంవత్సరం జూన్‌లో ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు హాజరయ్యారు. ఆసియావారు పట్టుమని ఇరవై మంది కూడా లేరు. కథోలికులకు, తూర్పు సనాతన సంఘాలకు అసలు పిలుపే లేదు. ప్రపంచ మహాసభ అన్న పేరుకు అది తగునా అన్నది వేరే చర్చ. ఆ సభలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు అజరయ్య మర్యాదకోసం నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోలేదు. విదేశీ మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, వారు తోటి భారతీయ సేవకులతో కలిసి భోంచేయరని, ఇంటికి పిలవరని, యజమానుల్లా ప్రవర్తిస్తారని నిర్మొహమాటంగా చెప్పారు. దానం చేసే చేతులు ఇప్పటికే ఉన్నాయి, కావలసింది స్నేహితులని వేడుకున్నారు. సభలో కొందరికి ఆ ప్రసంగం మింగుడుపడలేదు. ఈనాడు ఆ మహాసభ పేరెత్తితే ముందుగా గుర్తుకొచ్చేవాటిలో ఆ ప్రసంగం ఒకటి.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల ఇందుకు తోడ్పడింది. భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమేమిటని అభ్యంతరాలు వచ్చాయి. విచారకరమైన సంగతి ఏమిటంటే, అభ్యంతరం చెప్పినవారిలో స్వదేశీయులూ ఉన్నారు.

బిషప్పుగా పల్లెలు తిరుగుతున్నకొద్దీ ఒక చిక్కు ఆయన కళ్లకు కట్టింది. ఆ రోజుల్లో తెలుగునాట ఏ ఊరివారు ఏ శాఖకు చెందుతారన్నది వారి ఎంపిక కాదు. మొదట ఏ మిషను వచ్చిందో దాన్నిబట్టి నిర్ణయమైపోయేది. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, కడపలో లండన్ మిషను, గుంటూరులో లూథరన్లు, ఒంగోలులో బాప్టిస్టులు, మచిలీపట్నంలో ఆంగ్లికన్లు. ఇంగ్లండు, జర్మనీ, స్కాట్లండు దేశాల్లో శతాబ్దాల క్రితం రాజులకు, గురువులకు మధ్య నడిచిన తగాదాలు ఈ విధంగా తెలుగు పల్లెల్లో హద్దురాళ్లయ్యాయి. నిన్నమొన్న బాప్తిస్మం పొందిన మాల, మాదిగ కుటుంబాలు కూలికో పెళ్లికో పక్క ప్రాంతానికి వెళితే, అక్కడి సంఘంలో సంస్కారపు బల్ల దగ్గర పరాయివారుగా నిలబడవలసి వచ్చేది. కులం గీసిన గీతలు చెరిపేస్తామని వచ్చిన మతం తానే మరికొన్ని గీతలు గీయడం ఆయనను కలచివేసింది.

ఈ వేదనే 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడి సమావేశానికి దారితీసింది. ఒకప్పటి డేనిష్ స్థావరమైన ఆ తమిళ తీరపట్టణంలోనే 1706లో జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ అడుగుపెట్టి, మన దేశంలో ప్రొటెస్టెంటు మిషను పనికి నాంది పలికాడు. సమావేశానికి 33 మంది వచ్చారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆంగ్లికన్లతో పాటు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు కలిసి 1908లో ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు అందులో ప్రధానంగా పాల్గొన్నారు. రెండు రోజుల చర్చ తర్వాత వెలువడిన ప్రకటన సారాంశం సూటిగా ఉంది. ఈ విభేదాలకు తాము బాధ్యులు కారని, అవి బయటినుంచి తమపై మోపబడినవని, తాము కోరనివాటిని కొనసాగించే ఉద్దేశం తమకు లేదని వారు చాటారు. దేశంలో స్వరాజ్య భావన బలపడుతున్న కాలమది. ఆ భావన ఛాయ ఈ ప్రకటనలో కనిపించకపోదు.

ఒప్పందానికి నాలుగు ప్రాతిపదికలు పెట్టుకున్నారు: బైబిలు, పురాతన విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మము ప్రభు భోజనములనే రెండు సంస్కారాలు, బిషప్పు వ్యవస్థ. మొదటి మూడింటిపై పేచీ లేదు. నాలుగోదాని దగ్గరే బండి ఆగింది. బిషప్పు చేతులుంచి అభిషేకించని గురువు గురువేనా అన్నది ప్రశ్న. ఆంగ్లికన్లలో కొందరు కాదన్నారు. తమ అభిషేకాన్ని తక్కువ చేసే ఒప్పందం తమకు వద్దని ఐక్య సంఘంవారు అన్నారు. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చర్చల్లో చేరారు. 1929లో ఐక్యతా పథకం ముసాయిదా వెలువడింది. ఉన్న గురువులందరినీ యథాతథంగా అంగీకరించి, 30 ఏళ్ల పరివర్తన కాలంలో అభిషేకాలన్నీ బిషప్పుల ద్వారానే జరిగేలా చూడాలన్నది అందులోని రాజీ. ఇంగ్లండులో దీనిపై నిరసన ఎంత తీవ్రంగా ఉందంటే, కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తికే ప్రచురించాడు.

1927లో లొసాన్ నగరంలో, 1937లో తిరిగి ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ సభల్లో అజరయ్య ఒకే విన్నపం వినిపించారు. పాశ్చాత్యులకు ఐక్యత ఒక ఆదర్శం కావచ్చు, తమకది ప్రాణావసరమని. దళితుల సామూహిక మతమార్పిడుల విషయంలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో అజరయ్య కూడా ఉన్నారన్నది తరచూ మరుగునపడే సంగతి. 1939 జనవరిలో డోర్నకల్‌లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్‌లో ద్రావిడ ఆలయ స్తంభాలు, ఇస్లామీయ గుమ్మటాలు, క్రైస్తవ సంకేతాలు కలిసి కనిపిస్తాయి.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు. అదే నెలలో భారత ఆంగ్లికన్ సంఘపు సర్వసభ్య సమావేశం ఐక్యతా పథకానికి ఆమోదం తెలిపింది. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. మెదక్ మెథడిస్టులు, కడప ప్రాంతపు ఐక్య సంఘంవారు, డోర్నకల్ ఆంగ్లికన్లు ఒకే గొడుగు కిందికి వచ్చారు. బాప్టిస్టులు, లూథరన్లు రాలేదు. అజరయ్య సొంత అధ్యక్ష మండలంలోనే భాగమైన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది కూడా ఆనాడు వెలుపలే ఉండిపోయారు. వారు ఆ సంఘంలో కలవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.