సిపాయి హోదా నుండి సింహాసనం దాకా: హైదర్ అలీ

సైన్యంలో అందరికన్నా కింది హోదాను ఇంగ్లాండులో ప్రైవేట్ అంటారు. మన దేశంలో సిపాయి అంటారు. పాకిస్తాన్‌లోనూ సిపాహీయే. ఫారసీ నుండి మన ఉర్దూలోకి వచ్చిన మాట ఇది. ఈ మాట వింటే మాకు హైదర్ అలీ గుర్తుకొస్తారు.

ఆయన కోలారు దగ్గర బూదికోటలో పుట్టారు. పసితనంలోనే తండ్రి ఫతే ముహమ్మద్ యుద్ధంలో పోయారు. చదువు అబ్బలేదు. అన్న షహబాజ్ వెంట మైసూరు కొలువులో ఏ హోదా లేకుండా చేరారు. 1749లో దేవనహళ్ళి ముట్టడిలో చూపిన ధైర్యానికి కొంత దళం చేతికిచ్చారు. హైదర్ నాయక్ అని పిలిచేవారు. నేటి సైన్యంలో నాయక్ అంటే సిపాయికి రెండు మెట్లు పైన. 1755లో దిండిగల్లు ఫౌజుదారు, 1761లో మైసూరుకు సర్వాధికారి అయ్యారు. 1769లో మద్రాసు గుమ్మం దాకా వెళ్ళి ఆంగ్లేయుల చేత సంధి చేయించారు. 1780 దండయాత్రలో ఆర్కాటు సీమ పల్లెలు తగలబడ్డాయి, ఆ సంగతీ దాచకూడదు.

1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేట దండులో కన్నుమూశారు. సమాధి శ్రీరంగపట్నంలో ఉంది.

అక్షరం రాని ఆ తండ్రి కొడుకు టిప్పుకు మాత్రం ఉస్తాదులను పెట్టి చదువు చెప్పించారు. గూడూరు తల్లిదండ్రులకు మా మనవి ఇదే. సిపాయిగా చేరే బిడ్డను చిన్నచూపు చూడకండి. కాని బడి మాత్రం మాన్పించకండి.