కార్ల్ ఫాన్ ముల్లర్

కార్ల్ ఫాన్ ముల్లర్ (జూన్ 16, 1873 - మార్చి 11, 1923) జర్మనీ నౌకాదళ అధికారి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎమ్డెన్ అనే యుద్ధనౌకకు కెప్టెన్‌గా ప్రసిద్ధి చెందాడు. 1914లో మద్రాసు నగరంపై ఫిరంగి గుండ్లు కురిపించినది ఈ నౌకయే. ఆనాటి గుండు ముక్క ఒకటి చెన్నైలోని సెయింట్ జార్జి కోట మ్యూజియంలో భద్రపరచబడి ఉంది.

తొలి జీవితం

ముల్లర్ హానోవర్ నగరంలో జన్మించాడు. తండ్రి సైన్యంలో కల్నల్. ముల్లర్ 1891లో నౌకాదళంలో చేరాడు. తూర్పు ఆఫ్రికాలో పనిచేసే కాలంలో సోకిన మలేరియా ఆయనను జీవితాంతం బాధించింది. 1913లో ఎమ్డెన్ నాయకత్వం ఆయనకు లభించింది.

మద్రాసుపై దాడి

1914 సెప్టెంబరులో ఎమ్డెన్ బంగాళాఖాతంలో ప్రవేశించి బ్రిటిషు వర్తక నౌకలను ముంచసాగింది. ముంచే ముందు ముల్లర్ వాటిలోని వారిని సురక్షితంగా దింపించేవాడు. అందువలన శత్రువులు కూడా ఆయనను గౌరవించారు.

సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మద్రాసు తీరాన్ని సమీపించి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులపై కాల్పులు జరిపింది. సుమారు అరగంటలో 130 వరకు గుండ్లు పేల్చి వెళ్ళిపోయింది. ట్యాంకులు అంటుకొన్నాయి. కనీసం ఐదుగురు మరణించారు. భయంతో వేలాది ప్రజలు నగరం విడిచి వెళ్ళారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ ప్రాంతాలవారికి కూడా మద్రాసే రాజధాని. ఈ దాడి తరువాత తమిళంలో గడుసువాడిని ఎమ్డెన్ అనడం వాడుకలోకి వచ్చింది.

ఓటమి, నిర్బంధం

1914 నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద సిడ్నీ అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక చేతిలో ఎమ్డెన్ ఓడిపోయింది. దాని నావికులలో 130 మందికి పైగా మరణించారు. బందీ అయిన ముల్లర్‌ను మొదట మాల్టాలోను, తరువాత ఇంగ్లండులోను ఉంచారు. 1917లో ఇరవై మందికి పైగా ఖైదీలతో కలిసి సొరంగం గుండా తప్పించుకొన్నాడు కాని మరల పట్టుబడ్డాడు. అనారోగ్య కారణంగా ఆయనను నెదర్లాండ్స్‌కు పంపారు. 1918లో స్వదేశం చేరాడు.

చివరి రోజులు, జ్ఞాపికలు

1919లో పదవీ విరమణ చేసిన ముల్లర్ బ్రన్స్విక్ ప్రాంతీయ శాసనసభకు ఎన్నికయ్యాడు. తన సాహసాలను గూర్చి పుస్తకం వ్రాయడానికి మాత్రం అంగీకరించలేదు. సహచరుల రక్తంతో ధనం ఆర్జించినట్లు అవుతుందని ఆయన భావించాడు. 1923లో మరణించాడు.

ఆయన వద్దనుకొన్న జ్ఞాపకాలను ఇతరులు దాచుకొన్నారు. ఎమ్డెన్ ఫిరంగి ఒకటి 1917 నుండి సిడ్నీలోని హైడ్ పార్కులో ఉన్నది. అది విజేతలు తెచ్చుకొన్న గుర్తు. చెన్నైలోని గుండు ముక్క దాడికి గురైనవారు దాచుకొన్న గుర్తు. మద్రాసు హైకోర్టు ప్రహరీ వద్ద గుండు తగిలిన చోటును తెలిపే ఫలకం కూడా ఉంది.