కొండ కదిలింది.. డ్యాం నిలిచింది
వాయోంట్ ఇంజినీరు కార్లో సెమెంజా జీవితకథ

వర్షాకాలం వచ్చిందంటే శ్రీశైలం ఘాట్ రోడ్డుపై కొండచరియలు విరిగిపడటం జిల్లా వాసులకు తెలిసినదే. కొండ రోడ్డు మీద కాక నిండు జలాశయంలో కూలితే ఏమవుతుందో 1963లో ఇటలీ చవిచూసింది. ఆ జలాశయానికి ఆనకట్ట నిర్మించిన కార్లో సెమెంజా అప్పటికే కన్నుమూసి రెండేళ్లు కావస్తోంది.

సెమెంజా 1893లో జన్మించారు. వెనిస్ కేంద్రంగా నడిచిన సాడె అనే ప్రైవేటు విద్యుత్ సంస్థలో చేరి, ఆల్ప్స్ లోయల్లో ఒకదాని తరువాత ఒకటిగా ఆనకట్టలు కట్టించారు. సన్నని వంపు గోడతో నీటిని నిలిపే కమాను డ్యాంల రూపకల్పనలో ఆయనది అందెవేసిన చేయి. ఆ విద్యకు పరాకాష్ఠ వాయోంట్. 1957లో పనులు మొదలై 1960లో పూర్తయిన ఈ డ్యాం ఎత్తు 261.6 మీటర్లు. మన శ్రీశైలం డ్యాం 145 మీటర్లే. అంతటి గోడ మందం అడుగున 22 మీటర్లు, పైభాగాన మూడున్నర మీటర్లు మాత్రమే. నేటికీ ఇంజినీర్లు దాన్ని చూసి అబ్బురపడతారు.

పని సాగుతుండగానే తొలి హెచ్చరిక అందింది. 1959 మార్చిలో ఆయనే నిర్మించిన పొంతెసెయ్ జలాశయంలోకి సుమారు 30 లక్షల ఘనపు మీటర్ల కొండ జారి, లేచిన కెరటానికి ఒక కార్మికుడు బలయ్యాడు. సెమెంజా ఉలిక్కిపడ్డారు. వాయోంట్ ఒడ్డులను పరీక్షించే బాధ్యతను భూగర్భ శాస్త్రవేత్తలకు అప్పగించారు. వారిలో ఒకరు ఆయన సొంత కుమారుడు ఎడొవార్డో.

కుమారుని నివేదిక

జలాశయానికి ఎడమ గట్టున ఉన్న టాక్ కొండ వాలు ఏనాడో ఒకసారి జారి నిలిచినదని, నీరు నింపితే మళ్లీ కదలవచ్చని ఎడొవార్డో, సహచరుడు ఫ్రాంకో జుదీచి 1960లో నివేదించారు. పేరుమోసిన వృద్ధ ఆచార్యుడు దాల్ పియాజ్ అభిప్రాయం ఇందుకు భిన్నం. ఆయనను సంప్రదించి మాటల తీవ్రతను కొంత తగ్గించమని తండ్రి కుమారునికి లేఖ రాసిన సంగతి తరువాత వెలుగు చూసింది. దీన్ని దాపరికం అనాలో, కుమారుడు పెద్దల ముందు నవ్వులపాలు కారాదన్న తండ్రి జాగ్రత్త అనాలో చెప్పడం కష్టం.

అదే ఏడాది నవంబరులో కొండే జవాబు చెప్పింది. ఏడు లక్షల ఘనపు మీటర్ల మట్టి, రాయి జలాశయంలో పడ్డాయి. వాలు పైభాగాన రెండు కిలోమీటర్ల పొడవున నెర్రె విచ్చింది. కదులుతున్నది 20 కోట్ల ఘనపు మీటర్లని ఆస్ట్రియా నిపుణుడు లియోపోల్డ్ ముల్లర్ లెక్కకట్టారు.

జారుడుకు కారణం లోపల ఉంది. సున్నపురాతి పొరల మధ్య పలుచని బంకమట్టి పొరలున్నాయి. జలాశయం నిండితే నీరు కొండలోకి ఇంకి, దాని ఒత్తిడి పైపొరల బరువును కొంత మోస్తుంది. రాతికి రాతికి మధ్య పట్టు సడలుతుంది. నీటిని వేగంగా దించినా ప్రమాదమే. కొండలోని నీరు అంత త్వరగా బయటకు రాదు, బయటి నీటి ఆసరా మాత్రం పోతుంది.

సెమెంజా నీటిమట్టం దింపించారు, కదలిక ఆగింది. కొండ కూలి జలాశయం రెండుగా చీలినా నీరు పారేలా ఎదుటి గట్టులో సొరంగం తవ్వించారు. కెరటం ఎంత లేస్తుందో తేల్చేందుకు నమూనా ప్రయోగాలు చేయించారు. వ్యవహారం తమ చేయి దాటిపోయిందని 1961లో తన గురువుకు రాసుకున్నారు. అయినా ప్రాజెక్టును విడిచిపెట్టే నిర్ణయం మాత్రం తీసుకోలేదు. ఆ ఏడాది అక్టోబరు 30న మరణించారు.

ఆయన స్థానంలోకి అల్బెరికో బియాదెనె వచ్చారు. కొండ నెమ్మదిగా, విడతలుగా జారుతుందన్న ఊహపై నడిచిన నమూనా ప్రయోగం 700 మీటర్ల మట్టం వరకు భయం లేదని 1962లో తేల్చింది. 1963 సెప్టెంబరులో నీరు 710 మీటర్లకు చేరింది. వాలు రోజుకు 20 సెంటీమీటర్ల చొప్పున కదలసాగింది. ఖాళీ చేయడం మొదలుపెట్టినా అప్పటికే ఆలస్యమైంది. అక్టోబరు 9 రాత్రి 10.39 గంటలకు దాదాపు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ నిమిషం లోపే జలాశయంలోకి దూకింది. లేచిన కెరటం డ్యాం మీదుగా దిగువన ఉన్న లొంగరోనె పట్టణంపై విరుచుకుపడింది. టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూసేందుకు అక్కడి దుకాణాల్లో చేరిన జనానికి తప్పించుకునే వ్యవధి లేదు. మృతులు 1,900 మందికి పైనే. డ్యాం మాత్రం పైఅంచున కొద్దిగా దెబ్బతిని అలాగే నిలిచింది.

బియాదెనెకు న్యాయస్థానం జైలుశిక్ష విధించింది. ఎడొవార్డో ఫెరారా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, తాను గుర్తించిన ఆ కొండ కథను 2001లో పుస్తకంగా వెలువరించి, మరుసటి ఏడాది కన్నుమూశారు. తండ్రి కట్టిన గోడ ఇప్పటికీ ఉంది. దాని వెనుక ఉన్నది నీరు కాదు, జారిపడిన కొండ.