బొల్లిని మునుస్వామి నాయుడు

తిరుత్తణి అనగానే కొండమీది సుబ్రహ్మణ్యస్వామి కోవెల గుర్తుకు వస్తుంది. ఆ తిరుత్తణికి చేరువలో వేలంజేరి అనే పల్లె ఉంది. 1885వ సంవత్సరంలో అక్కడ ఒక వ్యవసాయ కుటుంబంలో మునుస్వామి నాయుడు జన్మించారు. పల్లెటూరి రైతుబిడ్డ అయిన ఆయన మదరాసు రాజధానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవి ఆయనకు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తెలుసుకుంటే ఆనాటి ఎన్నికల తీరు చక్కగా బోధపడుతుంది.

నాయుడుగారు న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయ్యారు. ఆ రోజులలో తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆయన చిత్తూరు జిల్లా బోర్డుకు అధ్యక్షులుగా పనిచేశారు. బడులు, బాటలు, వైద్యశాలలు మొదలైనవి జిల్లా బోర్డుల బాధ్యత. అందువలన పల్లె ప్రజల కష్టసుఖాలు ఆయనకు దగ్గరగా తెలిశాయి. జస్టిస్ పార్టీలో చేరి, క్రమంగా పైకి వచ్చారు. 1928 డిసెంబరులో పానగల్ రాజా మరణించగా, పార్టీ నాయకత్వం నాయుడుగారికి లభించింది.

నాటి మదరాసు శాసన మండలిలో 132 మంది సభ్యులుండేవారు. వారిలో 98 మంది మాత్రమే ఎన్నికైనవారు. తక్కినవారు ప్రభుత్వం నియమించినవారు. ఓటు హక్కు అందరికీ లేదు. కొంత ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి మాత్రమే ఉండేది. కూలినాలి చేసుకొనేవారికి, సెంటు భూమి లేనివారికి ఓటు లేదు. జమీందారులకు, వర్తక సంఘాలకు, విశ్వవిద్యాలయానికి ప్రత్యేక స్థానాలుండేవి. కనుక డబ్బూ పలుకుబడీ గలవారి మాట ఎన్నికలలో బాగా చెల్లేది. మంత్రులకు విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన వంటి శాఖలను మాత్రమే అప్పగించేవారు. శాంతిభద్రతలు, భూమిశిస్తు మొదలైనవి గవర్నరు చేతిలోనే ఉండేవి.

1930లో ఎన్నికలు జరిగాయి. అప్పుడు దేశమంతటా ఉప్పు సత్యాగ్రహం సాగుతున్నది. కాంగ్రెసువారు ఎన్నికలకు దూరంగా నిలిచారు. గట్టి ప్రత్యర్థి బరిలో లేకపోవడం జస్టిస్ పార్టీకి కలిసివచ్చింది. 1930 అక్టోబరు 27న నాయుడుగారు ముఖ్యమంత్రి అయ్యారు. పి.టి. రాజన్, ఎస్. కుమారస్వామి రెడ్డియార్ ఆయనకు సహమంత్రులు.

పదవి దక్కిందిగాని కాలం కలిసిరాలేదు. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం కమ్ముకున్నది. ధాన్యం ధరలు పడిపోయాయి. పండిన పంట అమ్మినా శిస్తుకు చాలక రైతులు అల్లాడిపోయారు. మరొకవైపు సొంత పార్టీలోనే చీలిక వచ్చింది. పార్టీ నడవడానికి జమీందారుల ధనం కావాలి. పాలనలో తమకు తగిన స్థానం దక్కలేదని వారు అసంతృప్తి చెందారు. 1932 అక్టోబరులో తంజావూరులో జరిగిన పార్టీ మహాసభ కలహానికి వేదిక అయింది. అక్కడ బొబ్బిలి రాజా నాయకుడుగా ఎన్నికయ్యారు. సహమంత్రులిద్దరూ ముఖ్యమంత్రికి దూరమయ్యారు. అవిశ్వాస తీర్మానం తప్పని పరిస్థితి ఏర్పడింది. సభలో బలం లేదని గ్రహించి, నాయుడుగారు 1932 నవంబరులో రాజీనామా చేశారు. బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి అయ్యారు. ఈ మార్పును నిర్ణయించినది ఓటర్లు కాదు. సభలోని సభ్యుల బలాబలాలే.

అయినా నాయుడుగారు రాజకీయాలను విడిచిపెట్టలేదు. తన అనుచరులతో వేరొక పక్షాన్ని స్థాపించి, శాసన మండలిలో ప్రతిపక్షాన నిలిచారు. 1935లో ఆయన కన్నుమూశారు.

ఆ ఏడే వచ్చిన కొత్త చట్టం మరికొంతమందికి ఓటు హక్కు ఇచ్చింది. 1937 ఎన్నికలలో కాంగ్రెసు కూడ పోటీ చేసింది. శాసనసభలోని 215 స్థానాలలో 159 స్థానాలను గెలుచుకున్నది. బొబ్బిలి రాజా తన సొంత సీమలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఓటర్ల సంఖ్య పెరిగినప్పుడు, పోటీ గట్టిగా ఉన్నప్పుడు సంపద ఒక్కటే గెలిపించజాలదని ఆ ఎన్నికలు చాటాయి. ఈ మార్పును చూచే భాగ్యం నాయుడుగారికి కలుగలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952 నాటికి జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో ఆస్తితో నిమిత్తం లేకుండా వయోజనులందరూ ఓటు వేశారు. 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరింది. ఓటు వయస్సు 1989లో 21 నుండి 18 ఏళ్ళకు తగ్గింది. నేడు తిరుత్తణిలోగాని, ఆత్తిపట్టులోగాని, వేలంజేరిలోగాని కూలివాని ఓటుకూ ధనికుని ఓటుకూ విలువ ఒక్కటే. నాయుడుగారి కాలంలో నూటికి కొద్దిమందికే దక్కిన హక్కు ఇది. దానిని డబ్బుకు అమ్ముకొనక, భయానికి లొంగక, ఆలోచించి వినియోగించడం ప్రతి పౌరుని కర్తవ్యం.