నీటిలోని ఊపిరి

ఖమ్మం దాటి భద్రాచలం దిశగా సాగేకొద్దీ పొలాలు తగ్గి అడవి చిక్కబడుతుంది. ఆ అడవిలో పుట్టిన వాగులు వానాకాలంలో బండరాళ్లపై నుండి దూకుతూ, నురుగులు కక్కుతూ కిన్నెరసానిలోను, గోదావరిలోను కలుస్తాయి. వేసవి వచ్చేసరికి వాగుల్లో ప్రవాహం ఆగి, అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగులుతాయి. తెల్లవారుజామున అటువంటి మడుగుల్లో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. ఇంటిలో గాజుతొట్టెలో పెంచుకొనే చేపలు కూడ ఒక్కొక్కప్పుడు ఇలాగే చేస్తాయి. అవి ఆకలితో ఉన్నాయనుకొని మనం మరికొంత మేత వేస్తాము. కాని వాటికి కావలసింది ఊపిరి. కంటితో చూడటం వేరు, చూసినదానిని అర్థం చేసుకోవడం వేరు. ఈ సత్యానికి నిలువెత్తు ఉదాహరణ ప్రాణవాయువును వెలికితీసిన జోసెఫ్ ప్రీస్ట్లీ జీవితం.

ప్రీస్ట్లీ 1733 మార్చి 13న ఇంగ్లండులోని లీడ్స్ నగర సమీపాన ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయి మేనత్త వద్ద పెరిగాడు. మాట తడబడే లోపం ఉన్నప్పటికీ పట్టుదలతో అనేక భాషలు నేర్చి మతబోధకుడు, ఉపాధ్యాయుడు అయ్యాడు. అమెరికా మేధావి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో కలిగిన స్నేహం ఆయనను విజ్ఞానశాస్త్రం వైపు మళ్లించింది.

1767లో ఆయన లీడ్స్‌లో కాపురం పెట్టిన ఇంటి పక్కనే బీరు తయారుచేసే కర్మాగారం ఉండేది. పులుస్తున్న ధాన్యపు నీటిపై నిలిచే బరువైన వాయువు ఆయనను ఆకర్షించింది. ఆ వాయువును నీటిలో కలిపి సోడానీటిని తయారుచేసే పద్ధతిని 1772లో ప్రకటించాడు. వాయువులు నీటిలో కరుగుతాయన్న విషయం ఆ గ్లాసెడు నీటితో జనానికి రుచి ద్వారా తెలిసింది.

1771 ఆగస్టు 17న ఆయన మరొక ప్రయోగం ప్రారంభించాడు. కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచాడు. పది రోజుల అనంతరం అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ చక్కగా వెలిగింది. ప్రాణులు, మంటలు పాడుచేసిన గాలిని మొక్కలు బాగుచేస్తాయని దీనివలన తేలింది. అందుకు సూర్యకాంతి అవసరమని, చీకటిలో మొక్కలు కూడ గాలిని పాడుచేస్తాయని 1779లో ఇంగెన్‌హౌస్ అనే వైద్యుడు నిరూపించాడు.

1774 ఆగస్టు 1న ప్రీస్ట్లీ పెద్ద భూతద్దంతో సూర్యకిరణాలను ఎర్రని పాదరస భస్మంపై కేంద్రీకరించాడు. వెలువడిన వాయువులో కొవ్వొత్తి అత్యంత కాంతితో మండింది. మరుసటి ఏడాది ఆ వాయువులో ఒక చిట్టెలుకను ఉంచగా, మామూలు గాలిలో కంటే ఎక్కువసేపు బ్రతికింది. పిదప తానే ఆ గాలిని పీల్చి చూశాడు. షీలే అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు అంతకు ముందే ఈ వాయువును తయారుచేసినా, లోకానికి ముందుగా ప్రకటించినవాడు ప్రీస్ట్లీయే.

అయితే మండే వస్తువుల నుండి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెలువడుతుందన్న పాత సిద్ధాంతాన్ని ఆయన విడువలేదు. తాను కనుగొన్నది ఫ్లోజిస్టన్ లేని గాలి మాత్రమేనని భావించాడు. పారిస్‌లో ఆయన నోట ఈ ప్రయోగాన్ని విన్న లవోయిజర్ దాని అసలు అర్థాన్ని గ్రహించి, ఆ వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టాడు.

ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించినందుకు 1791 జూలైలో బర్మింగ్‌హాంలో అల్లరిమూక ప్రీస్ట్లీ ఇంటిని, గ్రంథాలను, ప్రయోగశాలను తగులబెట్టింది. ప్రాణాలతో బయటపడిన ఆయన 1794లో అమెరికాకు తరలి, అక్కడే 1804 ఫిబ్రవరి 6న మరణించాడు. చివరి వరకు పాత సిద్ధాంతాన్నే నమ్మాడు.

ఆయన నాటిన పుదీనా కొమ్మ మాత్రం ఫలించింది. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు బంగారు చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకే తొట్టెలో పెంచిన తీరును వివరించాడు. మొక్కలు ఆక్సిజన్ ఇవ్వగా, కుళ్లిన ఆకులను నత్తలు తినగా, చేపలు ఆరోగ్యంగా జీవించాయి. నేటి అక్వేరియానికి ఇదే పునాది.

ఇరవై అయిదు డిగ్రీల సెల్సియస్ వేడిమి వద్ద లీటరు మంచినీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కితే అది ఇంకా తగ్గుతుంది. కనుక తొట్టెను ఎండలో ఉంచరాదు. చేపలను కిక్కిరిసి పెంచరాదు. మిగిలిన మేత కుళ్లి ఆక్సిజన్‌ను హరిస్తుంది కనుక మేత మితంగా వేయాలి. రాత్రివేళ మొక్కలు కూడ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి కనుక గాలిపంపును అప్పుడు ఆపరాదు. బుడగలు నీటి ఉపరితలాన్ని కదిలించడం వలననే గాలి ఎక్కువగా నీటిలో కలుస్తుంది. బండలపై దూకే వాగు చేసే పని కూడ ఇదే. కొర్రమీను వంటివి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చి బురదనీటిలోనూ బ్రతుకుతాయి. తక్కిన చేపలలో చాలావాటికి ఆ శక్తి లేదు.

ప్రీస్ట్లీ తన కంటికి కనిపించినదానిని దాచకుండ లోకానికి చెప్పాడు. అందువల్లనే ఆయనకు అందని అర్థం ఇతరులకు అందింది. నోరు తెరిచిన చేపను చూసినప్పుడు మేత డబ్బా అందుకొనే ముందు మనం ఒక్క క్షణం ఆలోచించగలిగితే, ఆయన జీవితం నుండి నేర్చుకొన్నట్లే.